పంటి అంచున రెండు గీతలు

మా ఎదురింటి ఆంటీ మొన్న మంగళవారం పొద్దున పోయారు. ఆ వేళకు నేను మేముండే పేట స్కోఫీల్డ్స్‌లోనే ఒకరి ఇంటి కప్పెక్కి ఏసీ బిగిస్తున్నాను. ఆవిడ కూతురు ఫోన్ చేసి "అన్నా, మమ్ ఈజ్ గాన్" అంది. స్పానర్ పట్టుకుని ఆ ఎండలో అలాగే కూర్చుండిపోయాను.

ఆవిడ పని తెల్ల ఎలుగుబంట్ల పళ్ళు చూడటం. ధ్రువం దగ్గర చచ్చిపోయిన వాటి పళ్ళను అక్కడివాళ్ళు పంపేవారు. పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే, చెట్టు మొద్దులో లాగా ఏడాదికో గీత కనిపిస్తుంది. యూనివర్సిటీ నుంచి రిటైరయ్యాక కూడా, బయట నిప్పులు కురుస్తుంటే, వంటింటి బల్ల మీద మంచు జంతువుల పళ్ళే. ఇంటర్ తప్పినవాణ్ణి, నేను ఊరుకుంటానా? డెంటిస్టు పీకిన నా జ్ఞానదంతాన్ని వాటిలో కలిపేశాను.

ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూశారు. "ఈ ఎలుగుబంటి కిళ్ళీ నములుతుందయ్యా."

"అక్కడ కూడా మనవాళ్ళు కొట్టు పెట్టారేమో ఆంటీ."

ఆవిడ నవ్వలేదు. పంటి మీది గాడిని గోటితో చూపించారు. "దీనికి తొమ్మిదీ పదేళ్ళప్పుడు పెద్ద జబ్బన్నా చేసుండాలి, తిండన్నా లేకపోయుండాలి."

మాది అనంతపురం వైపు. ఆ ఏడు మా ఇంట్లో పొయ్యి వెలగని రోజులు నా పెళ్ళానికి కూడా చెప్పలేదు. ఆవిడ ఇంకేమీ అడగకుండా పెసరట్టు వేసిపెట్టారు.

పోయిన చలికాలం ఆవిడ చూపు మందగించింది. ఒక ముసలి ఆడ ఎలుగుబంటి పన్ను చూడకుండా మిగిలిపోయింది. మంచు తగ్గిన ఏళ్ళలో అది పిల్లను సాకగలిగిందా? అది తెలియకుండానే పోతానేమోనని ఆవిడ బెంగ.

"నువ్వు చూసి చెప్పు. పాలిచ్చిన ఏడు గీత సన్నబడుతుంది. రెండు సన్నవి పక్కపక్కనే ఉంటే, పిల్ల రెండో ఏడు దాకా దక్కినట్టు. అనుకోవద్దు, చూడు."

మైక్రోస్కోప్‌కు కన్ను ఆనించి లోపలి నుంచి మొదలుపెట్టాను. మొదట్లో సన్న గీతల జంటలు దగ్గర దగ్గరగానే ఉన్నాయి. తర్వాత అన్నీ లావు గీతలే.

"ఇంక పిల్లల్లేరు ఆంటీ."

"తిండికి సముద్రంలో సీల్‌ను పట్టాలంటే మంచు మీద నిలబడాలి కదయ్యా. మంచు కట్టేదాకా నెలల తరబడి గట్టు మీద పస్తే. ఒంట్లో కొవ్వు లేందే పిల్ల నిలవదు. పిల్లల్ని కనకుండా ఆగుతుంది పాపం."

మధ్యలో లెక్క తప్పాను.

"మళ్ళీ మొదటినుంచి. ఆ తల్లి కష్టపడ్డ ఒక్క ఏడు కూడా దాటెయ్యకూడదు."

మళ్ళీ లెక్కపెట్టాను. లావు, లావు, లావు. చిట్టచివర, పంటి అంచున, వెంట్రుకల్లాంటివి రెండు. అన్నేళ్ళు ఆగి, ఆ ముసలితనంలో, కరిగిపోతున్న మంచు మీద అది మళ్ళీ ఒక పిల్లను పెంచింది.

"రెండున్నాయి ఆంటీ."

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "నీ వేళాకోళం కాదు కదా?"

"కాదు ఆంటీ."

ఆవిడ నన్ను పక్కకు జరిపి, ఏమీ ఆనని కళ్ళతోనే మైక్రోస్కోప్ మీదికి వంగారు. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయారు.