గంధం బొట్టు, ఆగిపోయిన పాట

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. స్టూడియోలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కంప్యూటర్‌ని పైకే తిట్టేదాన్ని. ఇంట్లో, కాలేజీలో, బస్సులో ఎవరేమన్నా తల దించుకుని ఊరుకునే నేను, మొట్టమొదట గొంతు పెంచింది పాటలు రికార్డు చేసే ఆ సాఫ్ట్‌వేర్ మీదే. ఏమైందో చెప్పి చావమనేదాన్ని. సౌండ్ కార్డు, అంటే మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే చిన్న పెట్టె, కనబడటం లేదని ఇంగ్లీషులో ఒక్క ముక్క చూపించి మూసుకుపోయేది.

మా స్టూడియో పాలకొల్లులో ఒక బట్టల కొట్టు మేడ మీద ఉంది. దాని యజమానిని అందరూ మాస్టారనే పిలుస్తారు. ఒకప్పుడు పిల్లలకి హార్మోనియం నేర్పేవారు. నేను మొదట పాటలు టైపు చేసిపెట్టే పనికి చేరాను. చూసి చూసి రికార్డింగు నేర్చుకున్నాను. రికార్డింగు చేసే ఆయన మానేశాక ఆ కుర్చీ నాకొచ్చింది. అక్కడ కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, చెవులు పనిచేస్తే చాలు. నాకంతకంటే మంచి చోటు ఈ భూమ్మీద లేదనిపించేది. కీబోర్డు వాయించే ఆయనకు మాత్రం రాజమండ్రిలో ఉన్న తన బావమరిదిని అందులో కూర్చోబెట్టాలని ఉండేది.

దసరా వెళ్లిన వారంలో గొడవ మొదలైంది. కార్తీక మాసానికి శివుడి పాటలు రికార్డు చేయించుకోవడానికి పక్క ఊరి ఆడవాళ్ల భజన బృందం వచ్చింది. ముందు పాడే మామ్మగారు కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నారు. డోలక్ జోరందుకునేసరికి తెర బిగుసుకుపోయింది. మళ్లీ తెరిచాను. మళ్లీ పాడారు. మళ్లీ అక్కడే పోయింది. సాయంత్రానికి మామ్మగారి గొంతు బొంగురుపోయింది గానీ ఒక్క పాటా పూర్తిగా దక్కలేదు.

కీబోర్డాయన నా ఎదుటే అన్నాడు, "ఆడపిల్ల కూర్చుంటే కంప్యూటర్ కూడా సిగ్గుపడిపోతందండి మాస్టారూ."

ఆడవాళ్లలో కొందరు నవ్వారు. మాస్టారు నవ్వలేదు గానీ, శుక్రవారం వీళ్లు మళ్లీ వస్తారని, అప్పుడూ ఇలాగే అయితే రాజమండ్రి అబ్బాయిని పిలిపించక తప్పదని చెప్పారు. నేను తలూపాను. ఇంటికెళ్లి డైరీలో ఆ రోజు పేజీలో ఒక్క మాటే రాశాను, కుర్చీ ఇవ్వను అని.

నాకు డిటెక్టివ్ నవలల పిచ్చి. అనుమానితుల్ని ఒక్కొక్కరినే పక్కకి తీసుకెళ్లి అడగాలి. అందర్నీ ఒకేసారి కొడితే ఎవరు నేరం చేశారో ఎప్పటికీ తెలియదు. అలాగే ఒకసారికి ఒక్కటే మార్చి చూశాను. గొంతుకి గుడి మండపంలో పాడినట్టు మోత పూసే చిన్న ప్రోగ్రాములుంటాయి, వాటిని ఒక్కోటే తీసేశాను. వచ్చే శబ్దాన్ని అందుకోవడానికి కంప్యూటర్‌కి ఊపిరి తీసుకునే వ్యవధి పెంచాను. సౌండ్ కార్డుని నడిపే డ్రైవర్ ప్రోగ్రాము తీసేసి మళ్లీ వేశాను. అంతా చేసి, నా గొంతే మైకులో పెట్టి ఏదో పుస్తకం చదువుతూ గంటసేపు రికార్డు చేశాను. చెక్కుచెదరలేదు. జబ్బు నయమైందనుకుని మురిసిపోయాను.

శుక్రవారం డోలక్ మోగగానే మళ్లీ పోయింది.

బావమరిదికి ఫోన్ చెయ్యమంటారా అని కీబోర్డాయన అడుగుతున్నాడు. మాస్టారు జేబులో ఫోను కోసం వెతుక్కుంటున్నారు. నాకు మాత్రం ఒకటే ఆలోచన. నేను చదివినప్పుడు పోనిది డోలక్‌కి ఎందుకు పోతోంది? డోలక్ ఆవిడ ఎక్కిన చెక్క అరుగు మీదే నా బల్ల కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ మళ్లీ తెరిచి, రికార్డు నొక్కి, బల్ల మీద పిడికిలితో గట్టిగా గుద్దాను. తలుపు కూడా చప్పుడు కాకుండా వేసే మనిషిని నేను. గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. తెర బిగుసుకుపోయింది.

"ఇప్పుడు కొడతంది కూడానండి," అన్నాడు కీబోర్డాయన.

అదురుకి ఏదో వదులవుతోందన్నమాట. ఆయన వైపు చూడకుండా బల్ల మీది సౌండ్ కార్డుని పట్టుకుని వెనక్కి తిప్పబోయాను. మాస్టారు ఆగమన్నారు. దసరాకి పూజ చేసిన సామాను మీద బొట్లు వాటంతట అవే రాలాలి తప్ప చెయ్యి పెట్టకూడదన్నది ఆయన పట్టింపు. హార్మోనియంకీ, మైకులకీ, సౌండ్ కార్డుకీ, స్విచ్ బోర్డుకీ అన్నింటికీ ఆయనే గంధం, కుంకుమ పెట్టారు. అందుకే ఇన్నాళ్లూ నేను దాన్ని కదపలేదు.

ఆ రోజు తిప్పేశాను. ముందువైపు మీటల మీది అక్షరాలు కనబడవని, బొట్టు వెనకవైపు పెట్టారాయన. సరిగ్గా కంప్యూటర్ నుంచి వచ్చే వైరు దూరే కన్నం పక్కన. చిక్కగా కలిపిన గంధం లోపలికి జారి పసుప్పచ్చగా పొరకట్టుకుపోయింది. వైరు అందులో పూర్తిగా దిగక వదులుగా వేలాడుతోంది. వేలితో తాకితే ఊగుతోంది.

"మాస్టారూ, దీనిమూలానండి," అన్నాను. ఆ కన్నం ఆయన వైపు తిప్పి చూపించాను.

"దేవుడికి చేసిన పూజ వల్ల పాడైందంటావా?"

"పూజ వల్ల కాదండి. కన్నంలో గంధం పడటం వల్ల. ఇది తుడవాలండి."

"తుడవకూడదని చెప్పానమ్మా."

"అయితే నేనున్నా అంతేనండి, రాజమండ్రి ఆయనొచ్చినా అంతేనండి. తుడుస్తానండి."

ఆయన ఒప్పుకునే దాకా ఆగలేదు. కరెంటు తీసేసి, పుల్ల చివర దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి కన్నంలో తిప్పాను. పచ్చగా వచ్చింది. వైరు మొన కూడా తుడిచి ఆరనిచ్చాను. మామ్మగారు లేచొచ్చి నా పక్కన నిలబడి, కీబోర్డాయన్ని కాస్త వెలుతురుకి అడ్డం తప్పుకోమన్నారు.

వైరు ఈసారి టక్కుమని దిగింది. డోలక్ ఆవిడతో ఎంత గట్టిగా వాయించగలరో అంత గట్టిగా వాయించమన్నాను. ఆవిడ అరుగు అదిరేలా వాయించారు. తెర మీద గీతలు ఆగకుండా పరిగెత్తాయి. చాలక నేనూ బల్ల మీద గుద్దాను, అప్పుడూ ఆగలేదు. కీబోర్డాయన తన వాయిద్యం శ్రుతి చూసుకోవడంలో పడ్డాడు.

మాస్టారు ఆ పచ్చటి దూదిని నా చేతిలోంచి తీసుకుని, ఎక్కడ పడెయ్యాలో తోచక గోడ మీది దేవుడి పటం దగ్గర పెట్టారు. ఫోను మళ్లీ జేబులో వేసుకున్నారు. నా వైపు తిరిగినప్పుడు ఆయన మొహంలో కోపం ఇంకా పోలేదు. నేనూ కుర్చీలోంచి లేవలేదు.

"నా మాట కాదన్న సంగతి తర్వాత మాట్లాడుకుందాం," అన్నారు. "ముందు రికార్డు నొక్కు."