ఇరవై నాలుగు అమాసలు

బాలమల్లు కట్టిన గోడకు గుండు వేలాడదీసి చూసినా వంక దొరకదని చెన్నూరులో పేరు. అంత సూటి మేస్త్రి పదమూడేళ్లుగా ప్రాణహిత దాటలేదు. పడవల కాలం పోయి వంతెన వచ్చింది. ఊళ్లో సగం మంది పొద్దున సిరోంచకు పోయి మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తున్నారు. ఇతను మాత్రం వంతెన మొదటిదాకా పోయి బండి తిప్పుకుంటాడు. అవతల మహారాష్ట్ర. అక్కడి కోర్టులో అతని పేరు మీద వారంట్ ఉంది.

పాత సంగతి. సిరోంచలో ఇల్లు కడుతున్న రోజుల్లో కల్లు దగ్గర మాటా మాటా పెరిగి ఒకతని చెయ్యి విరగ్గొట్టాడు. తప్పు తనదేనని కోర్టులో ఒప్పుకున్నాడు. మొదటి తప్పు కదా అని జడ్జి జైలుకు పంపలేదు, ప్రొబేషన్ మీద వదిలాడు. రెండేళ్లు బుద్ధిగా ఉండాలి, నెలకోసారి ఆఫీసుకొచ్చి రిజిస్టరులో సంతకం పెట్టాలి, చెప్పకుండా దేశం దాటకూడదు. సిరోంచలోనే ఉండే అక్క మొగుడు రాజం జామీను నిలబడ్డాడు.

మన మేస్త్రీలు అమాస నాడు తాపీ ముట్టరు. సెలవైనా, మొక్కైనా, పెళ్లిచూపులైనా అమాస నాడే. బాలమల్లు సంతకం కూడా దానికే ముడేసుకున్నాడు. ప్రతి అమాసకు పొద్దున్నే పడవెక్కేవాడు. వరదకు పడవ ఆగితే చంద్రాపూర్ మీదుగా రెండు రోజులు చుట్టు తిరిగైనా పోయాడు. ఒక్కటీ తప్పలేదు. ఇరవై నాలుగు అమాసలు నిండగానే బాకీ తీరిందనుకుని, వారం తిరక్కుండా మస్కట్ విమానం ఎక్కాడు. గోడ కొలిచేటప్పుడు నూలు వాసి తేడా కూడా చూసే మనిషి గోడ మీది క్యాలెండర్ మాత్రం చూడలేదు. అమాస నెల ఇంగ్లీషు నెల కంటే దాదాపు ఒక రోజు చిన్నది. ఇంగ్లీషు లెక్కన అతని రెండేళ్లు ఇంకా నిండలేదు. డిసెంబర్ నెల సంతకం లేదు, ఆపైన మనిషే దేశంలో లేడు. వారంట్ వచ్చిందని అక్క బాలలక్ష్మి ఫోన్ చేసేసరికి అతను మస్కట్‌లో పరంజి మీద ఉన్నాడు. నాలుగేళ్లకు తిరిగొచ్చాడు గానీ నది దాటే ధైర్యం రాలేదు.

ఐదేళ్ల కింద రాజం చనిపోయాడు. బాలమల్లు ఈ ఒడ్డున నిలబడి అవతల లేచిన పొగ చూశాడు. అక్కకు పుట్టింటి చీర వేరేవాళ్ల చేత పంపించాడు. ఆ సిగ్గు అతన్ని తినేస్తూ వచ్చింది.

ఒకరోజు బాలలక్ష్మి చెన్నూరు వచ్చింది. కూతురు దీపిక పెళ్లి కుదిరింది, ఇరవై రోజులే ఉంది.

"తమ్మీ, నువ్వు ఫికర్ చెయ్యకు. మండపానికి బిడ్డను ఎత్తుకొచ్చేటందుకు మా మరిదిని నిలబెడ్త" అంది.

మేనమామ బతికుండగా ఇంకొకరు ఎత్తుకురావడం. అక్క మంచికే అంది, కానీ బాలమల్లు తింటున్న కంచం పక్కకు జరిపాడు. చెయ్యి కడుక్కుని లేచాడు.

"రేపు కోర్టుకు పోత" అన్నాడు.

భార్య జమున కంగారు పడింది. "పెండ్లైనంక పోరాదయ్యా. గిప్పుడు లోపలేస్తే గా పెండ్లి గూడ సూడవు."

"దొంగ లెక్క పోయి దొంగ లెక్క అస్తే మేనమామ నెట్లయిత? బావ పోయిననాడు గీ ఒడ్డు మీదనే ఉంటి. బిడ్డ పెండ్లికి గూడ గీడనే ఉండాల్నా?"

మర్నాడు పొద్దున వకీలు సంతోష్‌రావు కూడా ఏమీ దాచలేదు. పాత కేసుకు ఆరు నెలలు పడొచ్చు, ఇవాళే లోపలికి పంపొచ్చు అన్నాడు. "పడనియ్యుండ్రి సార్" అని బాలమల్లు రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని వంతెన దాటాడు. ఈసారి బండి తిప్పలేదు.

సిరోంచ వైపు తెలుగు తెలియనివాళ్లు తక్కువ. జడ్జి పాత రిజిస్టరు తెప్పించి ఒక్కో కాగితం తిప్పాడు.

"రెండు వేల పదకొండు జులైలో రెండు సంతకాలున్నాయి. ఎందుకు?"

"గా నెల రెండు అమాసలచ్చినయి సార్."

కోర్టులో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జి నవ్వలేదు. "డిసెంబర్‌లో ఒక్కటీ లేదు."

"ఇరవై నాలుగైనయని మస్కట్ పోయిన. అడిగి పోవాలె, అడగలే. తప్పే సార్."

"మరి పదమూడేళ్లు ఎందుకు రాలేదు?"

"భయపడ్డ" అన్నాడు బాలమల్లు. వకీలు చెప్పమన్నది వేరే, అతను చెప్పింది ఇదే.

జడ్జి డిసెంబర్ గడి మీద వేలు పెట్టి పైకి చదివాడు. "ముప్పై ఒకటో తేదీ. ముద్దాయి రాలేదు. జామీనుదారు రాజం వచ్చి, ముద్దాయి బదులు తాను వేలిముద్ర వేస్తానన్నాడు. ఒప్పుకోలేదు. ఆఫీసు మూసేదాకా కూర్చుని వెళ్లాడు."

బాలమల్లు తల వంచుకున్నాడు. ఇంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

జడ్జి ఉత్తర్వు చెప్పాడు. ఇరవై నాలుగు సార్లు వచ్చినవాడు పారిపోవాలని పోయినవాడు కాదు. వారంట్ రద్దు. తప్పిన నెల మాత్రం ఇప్పుడు పూర్తి చెయ్యాలి. ముప్పై రోజులు సిరోంచ దాటకూడదు, ఆఖరి రోజు సంతకం పెట్టాలి.

బయట మెట్ల మీద బాలలక్ష్మి కూర్చుని ఉంది. "బావ గట్ల పోయి కూసున్నడని నాకెందుకు చెప్పలేదక్కా?" అన్నాడు బాలమల్లు.

"ఆయనే వద్దన్నడు. సద్ది కట్టుకొని పోయిండు గా దినం. ఎవని బాకీ ఆడే తీరుస్తడు, మనం చెప్తే ఊకె పరేషాన్ అయితడన్నడు."

ఆ నెల బాలమల్లు అక్క ఇంట్లోనే ఉన్నాడు. పందిరికి గుంజలు తనే పాతాడు. పెళ్లినాడు దీపికను రెండు చేతుల మీద ఎత్తుకుని మండపానికి తెచ్చాడు. "మామా, దించు, నడుస్త" అని ఆ పిల్ల సిగ్గుపడితే, "ఊకో బిడ్డా, ఇటుకలు మోసిన చేతులివి" అన్నాడు.

ముప్పయ్యో రోజు ప్రొబేషన్ ఆఫీసుకు పోయాడు. అక్కడి ఆఫీసర్ రిజిస్టరు తిప్పుతూ, "ఇవాళ అమాస కాదు గదయ్యా?" అన్నాడు.

"క్యాలెండర్ చూసే అచ్చిన సార్."

సంతకం పెట్టాడు. పని అయిపోయింది, ఇక పోవచ్చన్నారు. బాలమల్లు పోలేదు. వరండాలో ఉన్న బల్ల మీద కూర్చున్నాడు. అక్క కట్టిచ్చిన సద్ది మధ్యాహ్నం అక్కడే తిన్నాడు. ఎవరి కోసమని ఒకరిద్దరు అడిగితే, మా బావ కోసమని చెప్పాడు. సాయంత్రం ఆఫీసుకు తాళం వేశాక లేచి, వంతెన మీదుగా ఇంటికి వచ్చాడు.