బోర్లా బాబాయి

ఎవరింట్లోనైనా చెక్కగిన్నె కనిపిస్తే చాలు, అందులో ఏముందో కూడా చూడకుండా ఎత్తి తిరగేసి అడుగు చూడటం అతని జబ్బు. అందుకే వీధి వీధంతా అతన్ని బోర్లా బాబాయి అంటుంది. సొంత పేరు అతనికైనా గుర్తుందో లేదో అని అతని వదినకు అనుమానం.

బాబాయిదీ, అతని అన్నగారిదీ ఒకటే పని. ఒకే షెడ్డులో, రెండు లేత్ మిషన్ల మీద చెక్కగిన్నెలు చేసేవారు. గుర్తు కోసం అన్నగారు గిన్నె అడుగున మూడు గీతలు గీసేవారు, తమ్ముడు ఒక్కటి. అన్నగారు పోయి నాలుగు నెలలైంది. ఇంట్లో వదిన ఒక్కతే మిగిలింది. భోజనానికి రెండు కంచాలు పెట్టే అలవాటు ఆమెకింకా పోలేదు.

బాబాయికి ఈ జబ్బు పట్టుకుని రెండేళ్లు. మొదట్లో ఒకసారి టీచరమ్మ గిన్నెడు సూపు పోసి ముందు పెట్టింది. బాబాయి దాన్ని తలకంటే పైకెత్తి తిరగేశాడు. సూపు మీసాల మీదుగా చొక్కాలోకి దిగింది.

"అడుగు బాలేదండీ," అన్నాడు గంభీరంగా.

"మరి సూపు?"

"అదింకా రుచి చూడలేదు."

గిన్నె చంకన పెట్టుకుని వెళ్లిపోయి, మర్నాడు అచ్చం అలాంటిదే ఇంకోటి తెచ్చిచ్చాడు. టైలరుగారింట్లో గుండీల గిన్నె తిరగేసి, సాయంత్రం దాకా మంచాల కింద పాకాడు. ఆ తర్వాత అతను వస్తున్నాడంటే ఇల్లాళ్లు ముందు తువ్వాలు తీసేవారు.

"మావాడికి అడుగుల పిచ్చి," అని అన్నగారు పడీపడీ నవ్వేవారు. వదినా నవ్వేది. ఆయన పోయాక మాత్రం ఒక సంగతి ఆమె కంటపడింది. బాబాయి పట్టుకుపోయేవన్నీ మూడు గీతల గిన్నెలే. ఒక్క గీతవి చూసి, ఉన్నచోటే పెట్టేస్తున్నాడు. మనిషి ఎలాగూ లేడు, చేతిపనైనా నలుగురిళ్లలో ఉంటుందనుకుంటే దాన్నీ ఊడ్చేసి తన గిన్నెలు పెడుతున్నాడన్నమాట!

పోయే ముందు వారం ఆయన ఆమె కోసం ఒక గిన్నె చేసిచ్చారు. అదే ఆఖరుది. ఎవరి కంటా పడకుండా దాన్ని దుప్పట్ల మధ్య దాచి, బీరువాకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

డాక్టరుగారింటి గిన్నె కూడా పోయిందని తెలిసిన రోజు తిన్నగా షెడ్డుకే వెళ్లింది. బాబాయి లేత్ మీద గిన్నెను బోర్లా బిగించి అడుగు పని చేస్తున్నాడు. నడిమధ్య మిగిలిన బొడిపెను ఊపిరి బిగబట్టి ఉలితో తీసేశాడు. ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాడు. తర్వాత ఉలి మొనతో ఒక గీత గీశాడు. ఇంకోటి. ఇంకోటి.

"నీ గుర్తు ఒక్క గీత కదయ్యా?"

బాబాయి కంగారుగా మిషను ఆపాడు. ఆమె చూపు మూలనున్న గోనెసంచి మీద పడింది. అందులోంచి ఒక గిన్నె తీసి వెలుతురుకు పట్టింది. భర్త చేసిందే. అడుగు ఎంత పల్చగా ఉందంటే, ఎండ ఎర్రగా ఇవతలికి వచ్చింది. రెండోదానికి చిల్లే పడింది.

"రెండేళ్ల కిందట్నుంచే అన్నయ్య చెయ్యి వణికేది వదినా. అడుగు దగ్గరకొచ్చేసరికి ఉలి లోతుకు పోయేది. చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన గిన్నె ఇచ్చి ఇలా వచ్చేవాడు, నేను అలా వెళ్లి తెచ్చేసేవాణ్ణి. గిన్నె కారుతోందని ఒక్కరూ ఆయన గడప తొక్కలేదు."

"మరి ఈ మూడు గీతలు?"

"ఆ ఇళ్లలో ఆయన గుర్తే ఉండాలి కదా."

"ఇన్నాళ్లూ ఎవరూ కనిపెట్టలేదా?"

"వీధిలో గిన్నెలు తిరగేసేది నేనొక్కణ్ణేగా!"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బాబాయి తల వంచుకుని చెక్కపొట్టు ఊడ్చాడు. ఊడ్చినచోటే మళ్లీ మళ్లీ ఊడ్చాడు.

మర్నాడు పొద్దున్నే అతన్ని ఇంటికి పిలిచింది. బల్ల మీద ముందుజాగ్రత్తగా మడతల తువ్వాలు పరిచి, దాని మీద ఆఖరి గిన్నె పెట్టి నిండా పాలు పోసింది. బాబాయి వచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ చాలాసేపు కిటికీ వైపు చూశారు.

"ఊఁ, కానివ్వు," అంది చివరికి.

బాబాయి కళ్లు గట్టిగా మూసుకుని, గిన్నె తలపైకెత్తి తిరగేశాడు. ఒక్క చుక్క పడలేదు. పాలన్నీ అప్పటికే తువ్వాలు తాగేసింది.

వదినకు నవ్వాగలేదు. కళ్లనీళ్లు కారుతున్నా నవ్వింది. నాలుగు నెలల్లో అదే మొదటి నవ్వు.

"ఆ చిల్లు పూడ్చిపెట్టు. దీన్ని మాత్రం మార్చావో, ఊరుకోను."

"మార్చను వదినా. ఇది అన్నయ్యదే."

ఈసారి ఆమె పాలు గ్లాసులో పోసి ఇచ్చింది. బాబాయి దాన్నీ తిరగేశాడు.