భాగ్యమ్మ టోంపూస్

కొత్తగూడలో ఫ్లైఓవర్ దిగే చోట స్టీఫెన్ బేకరీ ఉంది. ముందర గాజు అల్మారాలు, వెనక భట్టి. భట్టి పక్కన పఫ్‌లు చేసే బల్ల దగ్గర భాగ్యమ్మ నిలబడి పదిహేడేళ్లు దాటింది.

ఆమె బేకరీలో చేరింది ట్రేలు కడగడానికి. అప్పట్లో పఫ్‌లు చేసేది గఫార్ భాయ్. తన బల్ల దగ్గరికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. మైదాముద్ద మీద డాల్డా పరిచి, మడిచి, కర్రతో ఒత్తి, మళ్లీ మడిచేవాడు. ఎన్ని మడతలని అడిగితే వినబడనట్టు ఉండేవాడు. భాగ్యమ్మ అడగలేదు. ట్రేలు తోముతూనే చూసి నేర్చుకుంది. ఒక ఏడాది గఫార్ భాయ్‌కి భుజం నొప్పి పట్టుకుంది. నెలరోజులు దవాఖాన చుట్టూ తిరిగాడు. ఆ నెలంతా పఫ్‌లు భాగ్యమ్మే చేసింది. తిరిగి వచ్చిన రోజు ఆయన ఒక పఫ్ తుంచి, పొరలు విప్పి చూసి, నెమ్మదిగా తిన్నాడు.

"ఒక మడత ఎక్కువేసినవ్," అన్నాడు. తర్వాత కర్ర ఆమె వైపు జరిపాడు.

కొన్నేళ్లకు గఫార్ భాయ్ పని మానేసి జహీరాబాద్ వెళ్లిపోయాడు. బేకరీ యజమాని స్టీఫెన్ కొత్త మాస్టర్‌ను పెట్టుకోలేదు. పని భాగ్యమ్మదే అయింది కానీ, మాస్టర్ అని ఆమెను ఎవరూ పిలవలేదు. ఆమె కూడా పట్టించుకోలేదు. భర్త ఐలయ్య దగ్గర్లోనే ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. పొద్దున ఇద్దరూ కలిసే బయలుదేరేవారు.

ఏప్రిల్ మొదటి వారంలో శిరీష అనే అమ్మాయి బేకరీకి వచ్చింది. హైటెక్ సిటీలో ఒక డచ్ కంపెనీ ఆఫీసులో అడ్మిన్ పనులు చూస్తుంది. రోజూ సాయంత్రం ఆఫీసుకు పఫ్‌లు ఇక్కడినుంచే వెళతాయి. ఆమె ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. రెండు పల్చటి పఫ్ రేకులు, వాటి మధ్య బొటనవేలంత మందాన పసుపు పచ్చని క్రీము, పైన నారింజ రంగు పూత.

"దీన్ని టోంపూస్ అంటారండి. నెదర్లాండ్స్‌లో ప్రతి బేకరీలో ఉంటుందట. మామూలుగా గులాబీ రంగు వేస్తారు. ఏప్రిల్ ఇరవై ఏడున వాళ్ల రాజుగారి పుట్టినరోజు, ఆ రోజుకు మాత్రం నారింజ రంగు. మా మరైకె మేడమ్ అక్కడినుంచి వచ్చి ఏడాది దాటింది. ఆవిడకు తెలియకుండా చేయించాలని మా టీమ్ అనుకుంది. అరవై కావాలి."

స్టీఫెన్ ఆ ఫోన్ పట్టుకుని లోపలికి వచ్చాడు. "చెయ్యగలవా భాగ్యమ్మా?"

భాగ్యమ్మ ఫోన్ తీసుకుని దగ్గరగా చూసింది. "గిది మన పఫే గద సార్. లోపల కూరకు బదులు క్రీము పెట్టిండ్రు. చేస్త."

అంత తేలిక కాదని మొదటి రోజే తెలిసింది. రేకులు ఎప్పటిలాగే భట్టిలో పొంగి గుల్లగా అయ్యాయి. కస్టర్డ్ పొడితో చేసిన క్రీము వాటి మధ్య నిలవక పక్కలకు జారింది. రుచి చూడటానికి వచ్చిన శిరీష మొహమాటపడుతూ, "బాగుంది ఆంటీ, కానీ పఫ్‌లాగే ఉంది. వాళ్లది అణిగి, కరకరలాడుతుందట," అంది.

భాగ్యమ్మకు కొంచెం కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా ఆమె పనంతా రేకు పొంగేలా చేయడమే. పొంగకపోతే గిరాకీ వాళ్లు వాపసు తెచ్చేవారు. ఇప్పుడు పొంగకూడదంటున్నారు.

మర్నాడు రేకులకు ఫోర్కుతో చిల్లులు పెట్టింది. అయినా పొంగాయి. ఆ మర్నాడు రేకుల మీద ఇంకో ఖాళీ ట్రే బోర్లించి, దానిమీద బరువుకు ఇనుప పెనం పెట్టింది. ఈసారి అణిగాయి, కానీ పాలిపోయి మెత్తగా వచ్చాయి. అదే రోజు ఇంకోసారి చేసి, సగం కాలాక పై ట్రే తీసేసి, ఎర్రబడేదాకా మళ్లీ భట్టిలో ఉంచింది. తీసి విరిస్తే చిటుక్కుమంది.

క్రీము సంగతి స్టీఫెన్ కూతురు జాయ్స్ చూసింది. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి బేకరీలో పుట్టినరోజు కేకులు చేస్తోంది. కస్టర్డ్ పొడి వద్దని, గుడ్ల సొన, పాలు, మొక్కజొన్న పిండితో చేయాలని చదివి చెప్పింది. డాల్డాకు బదులు వెన్న వాడాలని కూడా చెప్పింది. ఏప్రిల్ ఎండకు వెన్న బల్లమీదే కరిగి కారింది. దాంతో భాగ్యమ్మ తెల్లవారగానే వచ్చి, ఒక్కో మడతకూ పిండిని ఫ్రిజ్‌లో పెట్టి తీసేది. క్రీము కలిపీ కలిపీ చెయ్యి లాగేది. గరిటె నిలబడేదాకా ఆపేది కాదు.

ఇరవై ఏడో తేదీ వచ్చింది. ఇక్కడే అతికించి తీసుకెళితే దారిలో రేకులు మెత్తబడతాయని భాగ్యమ్మ చెప్పింది. అందుకే రేకులు, క్రీము, రంగు వేరువేరుగా తీసుకుని భాగ్యమ్మ, స్టీఫెన్, జాయ్స్ ముగ్గురూ ఆటో ఎక్కారు. బయలుదేరే ముందు స్టీఫెన్ కూతురికి చెఫ్ తెల్లకోటు తొడిగించాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

పదకొండో అంతస్తులో ఆఫీసు వంటగది. భాగ్యమ్మ రేకులు కోసి, క్రీము పరిచి, పైరేకు పెట్టి రంగు పూసింది. జాయ్స్ వాటిని పళ్లేల్లో సర్దింది. మూడు గంటలకు శిరీష మరైకెను పిలుచుకొచ్చింది. యాభై ఏళ్ల పొడవాటి మనిషి. పళ్లేల మీదికి వంగి చూసింది. ఒకటి తీసుకుని కొరికింది. క్రీమంతా రెండు వైపులా పొంగి ఆమె వేళ్ల మీదికి, చొక్కా మీదికి జారింది. ఆఫీసువాళ్లు కంగారుగా టిష్యూలు తెచ్చారు. ఆమె నవ్వుతూ ఏదో అంది. శిరీష తెలుగులో చెప్పింది. "వాళ్ల ఊళ్లో కూడా దీన్ని శుభ్రంగా తినడం ఎవరికీ చేతకాదట."

మరైకె తెల్లకోటులో ఉన్న జాయ్స్ దగ్గరికి వచ్చింది. రేకులు పొంగకుండా ఎలా ఆపావని ఇంగ్లీషులో అడిగింది.

జాయ్స్ తండ్రి వైపు చూసింది. స్టీఫెన్ నేల చూపులు చూస్తున్నాడు. "ఇవి నేను చేయలేదు మేడమ్," అంది జాయ్స్. "ఈవిడ చేసింది. పేరు భాగ్యమ్మ. క్రీము మాత్రం నేను చెప్పాను, అంతే."

మరైకె భాగ్యమ్మ వైపు తిరిగి మళ్లీ అదే అడిగింది. శిరీష తెలుగు చేసింది. భాగ్యమ్మ అరచేతి మీద ఇంకో అరచెయ్యి బోర్లించి చూపించింది. "మీద ట్రే పెట్టి, దానిమీద పెనం పెట్టిన. సగం కాలినంక తీసేసిన. మూడు దినాలు పరేషాన్ చేసింది మేడమ్, మీ పఫ్."

మరైకె పడీపడీ నవ్వి, ఇంకొకటి తీసుకుంది.

ఖాళీ ట్రేలు ఒళ్లో పెట్టుకుని ముగ్గురూ ఆటోలో తిరుగు ప్రయాణమయ్యారు. బొటానికల్ గార్డెన్ దగ్గర సిగ్నల్ పడ్డప్పుడు భాగ్యమ్మ మాట కదిపింది.

"సార్, ఒక మాట చెప్త. గఫార్ భాయ్ ఉన్నప్పుడు మాస్టర్ ఎవరంటే ఆయనను సూపెట్టేటోళ్లు. ఇగ ఎవరన్న అడిగితే నన్ను సూపెట్టుండ్రి. కోటు నాకేం వద్దు."

"తప్పు నాదేనమ్మా," అన్నాడు స్టీఫెన్. "పెద్ద ఆఫీసు కదా, కోటేసుకున్న మనిషైతేనే గౌరవంగా ఉంటుందనుకున్నాను."

"ఆ సంగతి ముందుగాల్నే నాకు చెప్తే అయిపోవు గద సార్."

ఆయన తలూపాడు. మర్నాటి నుంచి బేకరీలో పఫ్‌ల గురించి ఎవరు అడిగినా, "లోపల మా మాస్టర్ గారిని అడగండి," అనడం మొదలుపెట్టాడు. మొదట్లో భాగ్యమ్మకు సిగ్గుగా ఉండేది. నెల తిరిగేసరికి అలవాటైంది.

ఆ తర్వాత మరైకె బేకరీకి తరచుగా వచ్చేది. వాళ్ల దేశంలో మామూలు ఇళ్లలో చేసుకునే రెండు రకాలు దగ్గరుండి నేర్పింది. దాల్చినచెక్క వేసిన ఆపిల్ కేకు ఒకటి. బోటర్‌కూక్ అనే వెన్న కేకు ఇంకొకటి. ఆ వెన్న కేకు పొంగదు, మెత్తగా ఉండదు, చేతికి బరువుగా తగులుతుంది. పైన కత్తితో అడ్డగీతలు గీసి కాలుస్తారు. మరుసటి ఏడాది ఆమె వాళ్ల దేశం వెళ్లిపోయింది. ఆఫీసు ఆర్డర్లు తగ్గాయి. ఆపిల్ కేకును ఇక్కడివాళ్లు పెద్దగా ఇష్టపడలేదు, మానేశారు. టోంపూస్ మాత్రం ప్రతి శనివారం చేస్తారు. పక్కనున్న కొండాపూర్ పిల్లలు దాన్ని గులాబీ పఫ్ అంటారు. భాగ్యమ్మ వాళ్లను సరిదిద్ది, అసలు పేరు రెండుసార్లు పలికించి గానీ ఇవ్వదు.

ఆమెకు మాత్రం వెన్న కేకంటేనే ఇష్టం. అంచు ముక్కలు పొట్లం కట్టి ఇంటికి తీసుకెళుతుంది. ఐలయ్య ఒక ముక్క చాయ్‌లో ముంచుకుని తిని, "ఇంత గట్టిగుంటది, దీన్ని కేకంటరా వాళ్లు?" అంటాడు. అంటూనే రెండో ముక్క తీసుకుంటాడు.