బీటకు అడ్డంగా సున్నపు గీత

వాన వెలిసి ఎండ కాసిన రోజున తడిగోడ నుంచి ఒక వాసన వస్తుంది. చాలామందికి అది కమ్మగా ఉంటుందట. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఈ పొద్దున టెక్కలిలోని మా సిమెంటింట్లోనే ఆ వాసన తగిలింది. నా కూతురు పడుకునే గదిలో గోడ చెమ్మగిల్లి, సన్నగా బీట తీసి ఉంది. దాలమ్మత్త గుర్తొచ్చింది.

పూండి దగ్గర మా అత్తవారి ఊళ్లో ఆమె మా పక్కింటావిడ. మట్టిగోడలు పెట్టడంలో అందె వేసిన చెయ్యి. తొంభైల చివర్లో, నా కూతురు మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు పెద్ద తుఫాను వచ్చింది. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లన్నీ ఒకే దిక్కుకు తలలు పెట్టి పడి ఉన్నాయి. జీడితోటలు నేలమట్టం కావడంతో, అంతవరకూ వినబడని సముద్రం మా పెరటి వెనకే ఊపిరి పీలుస్తున్నట్టు వినబడింది. ఎక్కడా ఒక్క కాకి అరవలేదు. అంత గాలికీ మా గోడలు నిలిచాయని నేను లోలోపల పొంగిపోయాను.

దాలమ్మత్త పొంగిపోలేదు. పెంకులు ఏరడం, కంచె నిలబెట్టడం తర్వాత చూద్దామంది. ఇల్లంతా తిరుగుతూ ప్రతి గోడకూ చెవి ఆనించింది. పడకగది గోడ దగ్గర చాలాసేపు ఆగింది. తమలపాకుకు రాసుకునే సున్నం వేలితో తీసి, వెంట్రుకంత బీటకు అడ్డంగా ఒక గీత గీసింది.

"ఏటత్తా అది?"

"గోడ కదిల్తే గీత తెగతాది. రోజూ సూడు కోడలా. వానకి నిలబడిపోనాదని నమ్మకు. నీల్లు తాగిన గోడ ఎండకి ఆరినప్పుడు పడతాది."

నాలుగో రోజు శుక్రవారం. ఇల్లు తీర్చి పెట్టుకునే విషయంలో అప్పట్లో నాకు తగని పొగరు. గోడ మీద ఆ గీత చూస్తే చిరాకేసింది. ఎర్రమన్ను, పేడ కలిపి గీతతో సహా గోడంతా అలికేశాను. ఆ పక్కనే పాపను ఉయ్యాలలో వేసి పొయ్యి దగ్గర కూర్చున్నాను.

మధ్యాహ్నం వచ్చిన దాలమ్మత్త గుమ్మంలోనే ఆగిపోయింది.

"గీతేదీ?"

"అలికేశాను."

ఆమె నేరుగా గోడ దగ్గరికి నడిచింది. అలుకు గోకి, బీట కనబడ్డాక మళ్లీ గీసింది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. బయట గాలి లేదు, మబ్బు లేదు. గోడ లోపలెక్కడో చేటలోంచి ఇసుక జారుతున్నట్టు సన్నని చప్పుడు. మా కళ్ల ముందే గీత రెండు ముక్కలై ఎడంగా జరిగింది.

"పిల్లని తియ్యి" అంది, చాలా నెమ్మదిగా.

మేం వాకిట్లోకి వచ్చాక గోడ చతికిలబడినట్టు కిందికి దిగింది. పైకప్పు రాటల మీద నిలిచింది. ఉయ్యాల మన్ను కింద కూరుకుపోయింది. దూలానికి తాడు ముక్క ఒకటి ఊగుతూ ఉంది. పాప నా భుజం మీద నిద్రపోతూనే ఉంది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మర్నాడు కొత్త గోడకు మట్టి తొక్కుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"మా సిన్నదాన్ని కూడా అలాగే పడుకోబెట్టాను. ఎండ కాసింది గదా, ఇంక భయం నేదనుకున్నాను. అప్పుడు సెప్పినోలు ఎవులూ నేరు."

ఆ గోడను రోజుకు మూరెడు మించి లేపనివ్వలేదు. నేను తొందరపడినప్పుడల్లా "ఆరనీ" అనేది. కోపంలోనైనా, భయంలోనైనా నేనిప్పుడు కాస్త ఆగి చూడగలుగుతున్నానంటే అది ఆమె చలవే. ఆమె పోయి మూడేళ్లయింది.

పొద్దున సున్నం తెచ్చి బీటకు అడ్డంగా గీశాను. సిమెంటు గోడకు ఇదేంటమ్మా అని నా కూతురు నవ్వింది. దానికిప్పుడు పాతికేళ్లు. సాయంత్రానికి కూడా గీత తెగలేదు. అయినా మంచం గది మధ్యకు లాగుతుంటే, అది నవ్వుతూనే రెండో కోడు పట్టుకుంది. ఆ ఉయ్యాల సంగతి దానికి నేనింతవరకూ చెప్పలేదు.