మూత పెట్టని బొగ్గు డబ్బా

2011. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఏవీ జిల్లాలు కావు. అన్నీ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. మాది రేగొండ. జనగామలో మూడేళ్లు పనిచేసి, నెల్లికుదురు అవతల ఒక చిన్న ప్రభుత్వ దవాఖానకు ఫార్మసిస్టుగా బదిలీ మీద వెళ్లాను. ఆ ఊరి పేరు చెప్పను. ఇందులో తప్పు నాది, ఊరిని ఇరికించడం ఎందుకు!

ఫార్మసిస్టు అంటే కిటికీలోంచి మాత్రలు అందించే మనిషి అనుకుంటారు. చేసేది అదే అనుకోండి. దాని వెనక స్టోరు అనే గది ఒకటుంటుంది. ఏ మందు ఎక్కడుంది, ఎప్పటికి గడువు తీరుతుంది, ఏది చల్లగా ఉండాలి, ఏది తడి తగలకుండా ఉండాలి, ఇవన్నీ చూసుకోవాల్సింది మేమే. నా స్టోరు అద్దంలా ఉంటుందని నాకు కొంచెం గర్వం. చూడ్డానికొచ్చిన పెద్దసార్లు కూడా మెచ్చుకునేవాళ్లు. ఆ గర్వమే నా కొంప ముంచబోయింది.

సమ్మె కాబట్టి మేమూ సమ్మెలో ఉన్నాం. అత్యవసర కేసులు చూసేవాళ్లం, మామూలు ఓపీ బంద్. కిటికీకి నా చేతి రాతతో బోర్డు కట్టాను. రోజుకు ఒక గంట మాత్రం బీపీ, షుగరు, ఫిట్స్ మందులు ఇవ్వాలని మా డాక్టరమ్మ పట్టుబడితే, రెండో వారంలో ఆ గంట మొదలుపెట్టాం. డాక్టరమ్మది ఆంధ్రా వైపు, తెనాలి. ఆ రోజుల్లో ఆమె లోపల ఎంత ఇబ్బంది పడిందో నాకు తెలుసు. దవాఖాన ముందు రోడ్డు మీదే నిరసనగా వండుకు తినే వంటావార్పు వాళ్లు మాత్రం రోజూ ఆమె గదికి వేడివేడి అన్నం, పప్పుచారు పంపేవాళ్లు.

ఆ గంటలోనే మంగ్లి వచ్చింది. దగ్గర్లోని తండా మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. ఫిట్స్ మాత్రలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోవాలి. "పదకొండు దినాల సంది మాత్రల్లేవక్కా. రెండుసార్లొచ్చిన, బంద్ అన్నరు," అంది. బోర్డు చదవడం ఆమెకు రాదు. నాకు ఒళ్లు మండింది. నిజానికి నా మీద నాకే మండింది, అరిచింది మాత్రం ఆమె మీద. "ఫిట్స్ మాత్రలు తప్పొద్దని ఎన్నిసార్లు చెప్పిన? ఒక్కటంటే ఒక్కటి తప్పినా ఊకోను!" అని నెల మాత్రలు చేతిలో పెట్టి పంపేశాను. తప్పినవాటి సంగతేంటో మాత్రం చెప్పలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు ఆమె భర్త బాలు ట్రాక్టరు మీద ఆమెను పట్టుకొచ్చాడు. కళ్లు మూతలు పడుతున్నాయి, మాట ముద్దగా ఉంది, నడిస్తే తూలుతోంది.

"ఏమైంది? ఇంట్లో గొడవేమైనా అయిందా?" అని డాక్టరమ్మ అడిగింది. మందు ఎక్కువ మింగినట్టు కనిపిస్తే ముందు వచ్చే అనుమానం ఆత్మహత్యే.

"కొట్లాట లేదు, ఏం లేదు మేడం. తప్పిన మాత్రలన్ని ఏసుకుంటున్న అని పొద్దుగాల ఎనిమిదింటికి అన్ని ఒక్కపారి మింగింది. మేడం ఊకోదంట అన్నది," అని బాలు నా వంక చూశాడు. అతని చూపులో నింద లేదు, అమాయకంగా చూశాడు.

ఇలాంటప్పుడు వాడే మందు యాక్టివేటెడ్ చార్‌కోల్. తెలుగులో చెప్పాలంటే ఉత్తేజిత బొగ్గు. నీళ్లలో కలిపి తాగిస్తే, కడుపులో ఉన్న మందును తనకు అంటించుకుని మలంతో బయటికి తీసుకుపోతుంది. అన్నిటికీ పనిచేయదు. సారాకు, కిరోసిన్‌కు, ఇనుము మాత్రలకు దాంతో లాభం లేదు. ఈ ఫిట్స్ మాత్రలకు బాగా పనిచేస్తుంది. కానీ ఒక షరతు. మనిషి తెలివిలో ఉండి మింగగలగాలి. మత్తు ముదిరాక తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అదే ప్రాణం తీస్తుంది.

"ఆమె ఇప్పుడు మింగగలదు. గంట తర్వాత చెప్పలేను. చార్‌కోల్ పట్రండి," అంది డాక్టరమ్మ.

స్టోరులోకి పరుగెత్తాను. డబ్బా తలుపు పక్కనే ఉంది. మూత తీసి ఉంది. ఎందుకంటే తీసింది నేనే.

పది రోజుల ముందు ఫినాయిల్ క్యాను అడుగున చిట్లి స్టోరంతా కారింది. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉండి కరెంటు కోతలు ఎక్కువయ్యాయి, గాలి బయటికి లాగే ఫ్యాను తిరగదు. ఆ ఘాటుకు తలనొప్పి. అప్పుడు నాకు నా చదువు గుర్తొచ్చింది. బొగ్గు వాసన లాగేస్తుంది కదా అని చార్‌కోల్ డబ్బా మూత తీసి అక్కడ పెట్టాను. మూడు రోజుల్లో వాసన తగ్గింది. "మేడం తెలివే తెలివి," అని మా నర్సమ్మ మెచ్చుకుంటే మురిసిపోయాను కూడా. మూత మళ్లీ పెట్టాలన్న తెలివి మాత్రం రాలేదు.

ఇక్కడ కొంచెం ఆగి, చార్‌కోల్ చేసే పని చెప్పాలి. గుడ్డ నీళ్లను పీల్చుకుంటే నీళ్లు గుడ్డ లోపలంతా ఇంకుతాయి. అది శోషణం. చార్‌కోల్ చేసేది అది కాదు, అధిశోషణం. ఇంగ్లీషులో అడ్సార్ప్షన్ అంటారు. ఇందులో పదార్థం లోపలికి ఇంకదు, పైపొరకు అంటుకుంటుంది. ఆ పైపొర ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ అంటుకుంటుంది. మామూలు బొగ్గును బాగా వేడిమీద ఆవిరితో కాలిస్తే దాని నిండా కంటికి కనపడనన్ని సన్నటి రంధ్రాలు పడతాయి. చెంచాడు పొడిలోని ఆ రంధ్రాల గోడలన్నీ పరిస్తే పెద్ద మైదానమంత అవుతుంది. మంచినీళ్ల ఫిల్టరులో వాసన, రంగు పట్టేది అదే. చక్కెరను తెల్లగా చేసేదీ, విషవాయువుల నుంచి కాపాడే ముసుగులో ఉండేదీ అదే. మాత్రల డబ్బాలో వేసే చిన్న సిలికా జెల్ పొట్లం తడిని పట్టేది కూడా ఇదే పద్ధతిలో.

కానీ బంతిలో విస్తళ్లన్నీ నిండాక కొత్తగా వచ్చినవాళ్లు కూర్చోలేరు. నా డబ్బాలోని బొగ్గు మీద పది రోజుల ఫినాయిల్ ఆవిరి కూర్చుంది. తీసుకెళ్లి ఇస్తే డాక్టరమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఎన్నాళ్లుగా మూత లేదండీ?"

"పది రోజులు."

ఆమె డబ్బా నా చేతికి తిరిగిచ్చింది. తిట్టినా బాగుండేది. "ఇది ఇవ్వలేం. ఇంకోటి చూడండి," అని మంగ్లి దగ్గరికి వెళ్లిపోయింది. అంబులెన్సు ఇంకో కేసు తీసుకుని వరంగల్ వెళ్లింది, తిరిగొచ్చేసరికి రెండు గంటలు పడుతుందన్నారు.

బాలు నా చేతిలో డబ్బా చూశాడు. "బొగ్గేనా మేడం? బొగ్గే అయితె రోడ్డు మీద పొయ్యిలల్ల మస్తున్నది, తెస్త!" అని కదిలాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. పొయ్యి బొగ్గులో ఆ రంధ్రాలు ఉండవని అతనికి అప్పుడెలా చెప్పను? "గది గాదన్నా. గది కడుపు నింపుతది గని మందును పట్టది," అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

నాతో చదివిన వసంత మహబూబాబాద్‌లో మెడికల్ షాపు నడిపేది. ఫోన్ చేశాను. బంద్ కదా, షాపు మూసి ఇంట్లో ఉంది. "సీల్ తియ్యని డబ్బాలు రెండున్నయే. షెటర్ తీస్త. గని తెచ్చేటోళ్లెవరు?" అంది. దారిలో నాలుగు చోట్ల రాస్తారోకో.

బయటికొచ్చి వంటావార్పు మధ్యలో నిలబడ్డాను. అక్కడ పెద్దమనిషి యాకయ్య సారు, హైస్కూల్లో లెక్కలు చెబుతారు. గంట ఓపీ తెరిచినందుకు వారం కింద నాతో వాదన పెట్టుకున్న మనిషి. రెండు ముక్కల్లో చెప్పాను. గరిటె పక్కవాళ్ల చేతికిచ్చి, స్కూటరు తీస్తూనే ఫోన్ చెవికి పెట్టారు. "ఒకల పానం మీదికొచ్చింది. నా బండిని ఎవ్వలు ఆపొద్దు. మీ తర్వాతి టెంటోళ్లకు గూడ చెప్పుండ్రి," అంటూనే మలుపు తిరిగారు.

ఆ తర్వాతి గంట నా జీవితంలో అన్నిటికన్నా పొడుగు గంట. మంగ్లి నిద్రపోకుండా చూడటం నా పని. పిల్లల పేర్లు అడిగాను, మేకలెన్ని అని అడిగాను. తెలుగులో మొదలుపెట్టి తన భాషలోకి జారిపోయేది. బాలు తెలుగు చేసి చెప్పేవాడు. "పెద్దోడి బనీను ఆరెయ్యలేదంట మేడం. జెప్పన ఇంటికి పోదామంటున్నది." పదిన్నర దాటాక జవాబులు ఆలస్యమయ్యాయి. గిచ్చితే కళ్లు తెరిచేది. డాక్టరమ్మ మాటిమాటికీ గుటక వేయించి చూస్తోంది.

యాకయ్య సారు లోపలికొచ్చేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. "ఒక్కరు ఆపలే. రాళ్లు పక్కకు జరిపి నిలబడ్డరు," అన్నారు. నేను సీల్ తీసి కలిపాను. నర్సమ్మ గ్లాసు పట్టుకుంది. మంగ్లి గుటక ఇంకా పడుతోంది.

తీరా చూస్తే ఆమె తాగనంటుంది. కాటుకలా ఉన్న ఆ నీళ్లు చూసి మొహం తిప్పేసుకుంది. అప్పుడు బాలు గ్లాసు లాక్కుని తానొక గుక్క తాగాడు. పళ్లు, మీసాలు, పెదాలు నల్లగా అయ్యాయి. "చూడు, నాకేమైంది?" అని పళ్లు ఇకిలించాడు. ఆ మత్తులోనే మంగ్లికి నవ్వొచ్చింది. ఆ నవ్వు మీదే కొంచెం కొంచెంగా గ్లాసు ఖాళీ చేయించాం. పదకొండున్నరకు అంబులెన్సు వచ్చింది. ఎక్కించేటప్పటికి మత్తు పెరగలేదు, అంతే చాలనుకున్నాం. రెండో డబ్బా కూడా ఇచ్చి పంపాను. వరంగల్‌లో ఇంకో రెండుసార్లు తాగించారని తర్వాత తెలిసింది.

ఏడో రోజు ఆమె తన కాళ్ల మీద నడిచి నా కిటికీ దగ్గరికొచ్చింది. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను.

"అన్ని ఒక్కసారే ఎందుకు మింగినవ్ మంగ్లీ?"

"నాలుగు దినాలు కరెంటు రాకపోతె మడికి తడి తప్పుతది గదక్కా. కరెంటొచ్చిన్నాడు నాలుగు తడులు ఒక్కనాడే వెట్టుకుంటం. మాత్రలు గూడ గంతే అనుకున్న. నువ్వు ఒక్కటి గూడ తప్పొద్దంటివి."

నేను నవ్వలేదు. ఆమె చెప్పినదాంట్లో తప్పేముంది? ఆమెకు తెలిసిన పద్ధతిలో ఆమె సరిగ్గానే ఆలోచించింది. తప్పినవన్నీ కలిపి వేసుకోకూడదని చెప్పాల్సింది, చెప్పనిదాన్ని నేను. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఎవరికి మాత్రలిచ్చినా ఒక ప్రశ్న అడిగి, జవాబు వినేదాకా వదల్లేదు. "ఒక పూట మర్చిపోతె ఏం జేస్తవు?" ఒక్కొక్కరి జవాబు వింటే గుండె ఆగేది. అడగడం నేర్పింది మంగ్లి. ఆమెకు నేను రుణపడి ఉన్నాను. గరిటె వదిలి స్కూటరెక్కిన యాకయ్య సారుకు, మూసిన షెటర్ తీసిన వసంతకు, రాళ్లు జరిపిన పేరు తెలియని మనుషులకు కూడా.

ఆ రోజే ఇంకో సంగతి కూడా చెప్పాలనిపించింది. చెప్పకపోయినా ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు. డాక్టరమ్మ ఎవరికీ చెప్పలేదు. అయినా చెప్పాను. మా దగ్గర మందు ఉండి కూడా నా తెలివితక్కువతో పాడైందని, అందుకే గంట ఆలస్యమైందని, ఆ గంటలో నీకేమైనా అయ్యుంటే అది నా వల్లేనని చెప్పాను.

మంగ్లి లేచి మాత్రల పొట్లం కొంగున ముడేసుకుంది.

"తప్పు నేను జేసిన, నువ్వు జేసినవ్," అంది. "ఇద్దరం బతికినం అక్కా."