ఆరో పేజీలో ఉన్న మనిషి

మా గని పాత కార్మికుల సంఘం వెబ్‌సైటులో పెట్టడానికి, పుస్తకంలా పేజీలు తిరిగే బ్రోచర్ ఒకటి కావాలన్నారు. దాన్ని తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఎంచే పని నాకు వచ్చింది. మూడింటిని ట్రయల్‌కు తీసుకుని డైరీలో పట్టిక గీసుకున్నాను. మొదటిది అందంగా ఉంది కానీ అక్షరాలు చిన్నవి. రెండోది పాత ఫోన్లలోనూ చటుక్కున తెరుచుకుంది. మూడోది నిదానం. అయితే ఎంతమంది తెరిచారో, ఎంతమంది మూశారో, ఇంకా చదువుతున్నవారు ఏ పేజీలో ఉన్నారో చూపిస్తుంది.

రెండోదే ఖాయమనుకున్నాను. మూడోదాని ట్రయల్ ఆ సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది. కొనకపోతే అందులోని మా బ్రోచర్ చెరిగిపోతుంది. మధ్యాహ్నం చివరిసారిగా లెక్క చూశాను. తెరిచినవారు పద్నాలుగు. మూసినవారు పదమూడు. చదువుతున్నవారు ఒకరు, ఆరో పేజీ.

లింకు పంపింది పదమూడు మంది సభ్యులకే. పద్నాలుగోవాణ్ణి నేను, నేనూ ఎప్పుడో మూసేశాను. వరుసగా అందరికీ ఫోన్ చేశాను. అందరూ మూసేశామనే అన్నారు. కార్యదర్శి నవ్వాడు.

"ఏమప్పా, పెండ్లికూతుర్ని చూసినట్టు వారం నుంచి చూస్తాండావు. ఒకటి ఖాయం చెయ్యి!"

మా కోడలు వచ్చి తెర చూసింది. "పాత ఫోన్లు మామా, మూసినా లోపల తెరిచే ఉంటాయి. మీరు సాఫ్ట్‌వేర్‌కి గూడా హాజరు పట్టీ పెట్టేటట్టుండారే!"

ఆమె అన్నదే నిజమై ఉంటుంది. కానీ ఆరో పేజీలో ఉన్నది బిళ్లల పలక ఫొటో.

కోరమండల్ గనిలో నా ఉద్యోగం ఆ పలక దగ్గరే. అండర్‌గ్రౌండుకు దిగే ప్రతి మనిషీ తన నంబరు ఇత్తడి బిళ్ల తీసుకుని పోతాడు. పైకి వచ్చాక కిటికీలో ఇస్తే నేను మళ్లీ పలక మీద దాని మేకుకు తగిలిస్తాను. షిఫ్టు ముగిశాక ఒక మేకు ఖాళీగా ఉంటే రిజిస్టరులో 'ఒకరు రావాలి' అని రాసి, ఆ మనిషి వచ్చేదాకా కుర్చీ వదలకూడదు. ఒకసారి వదిలాను. ఆ రోజు రావాల్సిన మనిషికి, మరిచిపోయి బిళ్లను జేబులో ఇంటికి తీసుకుపోవడం అలవాటే. ఇప్పుడూ అంతే అనుకుని 'అందరూ వచ్చారు' అని రాసి సంతకం పెట్టాను. మరుసటి ఉదయం అతణ్ణి రాళ్ల కింద నుంచి తీశారు. ఎంతసేపు బతికి ఉన్నాడో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ నంబరు మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. ఫొటోలో ఖాళీగా ఉన్న మేకు అదే.

మూడు నలభై అయింది. మళ్లీ చూశాను. ఒకరు, ఆరో పేజీ.

మూడోదాన్నే కొన్నాను. కార్యదర్శి విసుక్కున్నాడు. "సగంమంది ఫోన్లలో తెరుచుకునేకి గంట పడుతుంది గదప్పా! ఏం చూసి తీసుకున్నావు?" లెక్క బాగా చూపిస్తుందని చెప్పాను.

మరుసటి రోజు భోజనమయ్యాక తెరిచాను. ఒకరు, ఆరో పేజీ. కోడలు పక్కన నిలబడి మజ్జిగ గ్లాసు అందిస్తోంది. మేమిద్దరం చూస్తుండగానే ఆరు చెరిగి ఏడు వచ్చింది.

"చూసినారా మామా, ఎవరో చదువుతాండారు. ఊరికే భయపడినారు," అని ఆమె వంటింట్లోకి వెళ్లింది.

ఏడో పేజీలో బిళ్లలు తిరిగి తీసుకునే కిటికీ ఫొటో ఉంది. లోపల కూర్చుని చెయ్యి చాచి ఉన్న పడుచువాణ్ణి నేనే.

డైరీ తీసి ఆ రోజు పేజీలో 'ఒకరు రావాలి' అని రాశాను. సంతకం పెట్టలేదు. మజ్జిగ అలాగే పక్కన పెట్టి, కుర్చీలోనే కూర్చున్నాను.